ముదిగుబ్బ ఆకు, మూడో విడత

సెప్టెంబరు 9, మంగళవారం

మళ్ళీ ఎర్రనీళ్ళే. రెండో విడత బ్యాటరీ సెల్లు విప్పి చూస్తే లోపలి తెల్లటి పొర అంతా ఎర్రగా పండి ఉంది. ఛీ! నాలుగేళ్ళ పరిశోధన, రూపాయి బిళ్ళంత సెల్లు, అందులో చిటికెడు పొడి. ఆ చిటికెడు కూడా నా మాట వినదు.

గంగాధరప్ప సార్ భూతద్దం పెట్టి మరీ చూశారు. "కరిగిపోయింది కదమ్మా. గొలుసు సరిగ్గా కట్టుకోలే. కట్టుకోనింటే ఇట్ల బయటికి దిగదు" అన్నారు. గైడు కాబట్టి ఊరుకున్నాను గానీ, ఆ సంగతి నాకు తెలియదా? గోరింటాకులో ఉన్న ఎర్రరంగుకు లిథియాన్ని పట్టుకుని మళ్ళీ వదిలే గుణం ఉంది. దాన్ని నమ్ముకునే కోబాల్టూ నికెలూ లేకుండా ఆకుతో బ్యాటరీ చేస్తామని బయల్దేరాం. రంగు విడివిడిగా ఉంటే సెల్లులోని ద్రవంలో కరిగిపోతుంది. గొలుసులా కట్టి పాలిమర్ చేస్తే నిలుస్తుంది. ఆ కట్టడమే నాకు చేతకావడం లేదు.

వచ్చే నెల మొదట్లో సెమినార్. బయటినుంచి ఇద్దరు పెద్దలు వస్తారు. వాళ్ళకు చూపించడానికి ఏమీ లేకపోతే నా ఫెలోషిప్ పొడిగింపు గోవిందా.

ఇంటికొస్తే అమ్మ వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటోంది. చర్మం పెచ్చులు లేస్తోంది. సబ్బు పడటం లేదంటుంది. సబ్బు మార్చమని చెప్పాను.

సెప్టెంబరు 12

ముదిగుబ్బ గురప్పకు ఫోన్ చేశాను. మా ల్యాబుకు ఆకు ఇచ్చే రైతు ఆయనే, చేను చుట్టూ గోరింట కంచె పెంచుకున్నాడు. "వానే లేదు పాపా, ఆకు యాడుంటాది? పుల్లలు మిగిలినాయి, కావల్లంటే పుల్లలు పంపిస్తా" అన్నాడు. ఆయనకు నవ్వులాటగా ఉంది.

సెప్టెంబరు 14, ఆదివారం

అమ్మ గార్లదిన్నెలో పెళ్ళికి పోయింది. పెళ్ళికూతురికి మెహందీ పెట్టాలి. మా అబ్బా, అంటే నాన్న, తన ఆటోలో దింపి వచ్చాడు. ఇంట్లో నేనొక్కదాన్నే.

అల్మారా మీద అమ్మ స్టీలు డబ్బా ఉంది. నిండా మెహందీ పొడి.

అనంతపురంలో సైదాబీ మెహందీ అంటే తెలియని పెళ్ళిళ్ళవాళ్ళు లేరు. మావాళ్ళే కాదు, హిందువుల ఇళ్ళనుంచీ వచ్చి పిలుచుకుపోతారు. మిగతావాళ్ళు పెట్టింది నారింజరంగులో పండి వారానికి వెలిసిపోతుంది. అమ్మ పెడితే కడిగిన గంటకే నల్లగా పండి, నెల దాకా పోదు. ఆమె చెయ్యి అలాంటిది అంటారు.

మెహందీ మెహందీయే. ఆకు ముదిగుబ్బదైతేనేం, బజారుదైతేనేం, లోపలి రంగు ఒకటే. కడిగి శుద్ధి చేసేదే కదా.

రెండు గుప్పెళ్ళు తీసుకున్నాను. అమ్మకు చెబుదామనుకున్నాను. చెబితే 'ఏంటికి?' అంటుంది, దానికి జవాబు చెప్పాలంటే మళ్ళీ గంట.

సెప్టెంబరు 16

సీసా మీద 'ముదిగుబ్బ ఆకు, మూడో విడత' అని రాశాను. వరుస తప్పకూడదు కదా. సార్ ఏమీ అడగలేదు.

సెప్టెంబరు 30, మంగళవారం

నిలిచింది! నిలిచింది, నిలిచింది!

వారం పైగా ఛార్జి చేసి దింపుతూనే ఉన్నాం. తెర మీద గీత పడుకున్న పాములా చదునుగా పోతోంది, ఎక్కడా తల వంచదు. పొద్దున ఒక సెల్లు విప్పాను. లోపలి పొర తెల్లగా, ఉతికిన చొక్కాలా ఉంది. ఒక్క చుక్క ఎరుపు లేదు.

సార్ కుర్చీలోంచి లేచి, "ఏమమ్మా సుహానా, సాధించినావు కదే!" అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నన్ను ఇంటి పిల్లలా 'కదే' అనడం ఇదే మొదలు. ఏడుపొచ్చింది. మూడో విడతలో ఏం మార్చావని అడిగారు. ఉడికించే వేడి కొంచెం పెంచానని చెప్పాను. నిజమే, కొంచెం పెంచాను.

అమ్మకు మైసూర్‌పాక్ తెచ్చి నోట్లో పెట్టాను. "బ్యాటరీలో మెహందీ నిలిచిందమ్మా" అన్నాను. "దానికేమి చెయ్యా కాలా, నిలిచేదానికి?" అంది.

అక్టోబరు 6

సెమినార్ అయింది. ఇద్దరు పెద్దలూ చప్పట్లు కొట్టారు. వాన లేని నేలలో పెరిగే మొక్కతో బ్యాటరీ అన్న మాట వాళ్ళకు తెగ నచ్చింది. తెర మీద గురప్ప కంచె ఫోటో పెట్టాను. ఎండిన పుల్లల ఫోటో కాదు, పోయినేడాదిది.

పరిశోధన పేపరు వెంటనే జర్నల్‌కు పంపిద్దామన్నారు సార్.

అక్టోబరు 10, శుక్రవారం

పక్కింటి పుష్పావతక్క వచ్చింది. పండక్కి అమ్మ చేత రెండు చేతులకూ పెట్టించుకుంది. ఇప్పుడు ఆ తీగలూ పువ్వులూ ఉన్న చోటల్లా బొబ్బలు. డిజైను ఉబ్బి పైకి లేచింది, కళ్ళు మూసుకుని తడిమినా ఏ పువ్వో చెప్పొచ్చు.

"ఏం సైదాబీ, నిద్ర పట్టల్యా నాకు. మంట మంట" అంది.

"వంకాయ తినింటావు. ఒంట్లో వేడి చేసింది. మజ్జిగ తాగు, కలబంద పూసుకో" అంది అమ్మ.

వేడి చేసే ఉంటుంది. ఈ ఊరి ఎండలకు ఎవరికి వేడి చేయదు?

అక్టోబరు 11

పుష్పావతక్కకు ఆస్పత్రిలో ఏదో ఆయింట్‌మెంట్ ఇచ్చారట. తగ్గుతుంది.

అక్టోబరు 18, శనివారం

సెప్టెంబరు చివర్లో పడిన వానకు గురప్ప కంచె చిగురించింది. మూట కట్టి బస్సులో పంపాడు. సార్ కళ్ళ ముందే నాలుగో విడత చేశాను. అదే వేడి, అదే కొలత, అదే నేను. అసలైన ముదిగుబ్బ ఆకు.

ఇవాళ సెల్లు విప్పాం. ఎర్రనీళ్ళు.

"మూడో దాంట్లో ఏదో చేసినావమ్మా, మర్చిపోయినావు. గ్యాపకం తెచ్చుకో" అన్నారు సార్. చిరాకు లేదు ఆయన గొంతులో. చిరాకు పడితే బాగుండేది.

సాయంత్రం గురప్ప ఫోను. "పాపా, సారు చెప్పినాడు, బ్యాటరీ గెల్చిందంట కదా. ఈ తూరి శెనక్కాయ మాని రెండెకరాల్లో గోరింటే పెడ్తాండా. శెనక్కాయ ఏమిచ్చింది నాకు, పొట్టు తప్ప?" అన్నాడు. తొందరపడొద్దు అన్నాను. "నువ్వుండావు గదా" అన్నాడు.

అక్టోబరు 24, శుక్రవారం

సార్ నాకు చెప్పకుండా మూడో విడత పొడిని బెంగుళూరులో పరీక్షకు పంపించారు. ఇవాళ ఫలితం వచ్చింది. అందులో నైట్రోజన్ ఉంది. గోరింటాకు రంగులో నైట్రోజన్ ఉండదు, ఉండటానికి వీల్లేదు. కార్బను, హైడ్రోజను, ఆక్సిజను, అంతే.

"యాడనుంచి వచ్చిందమ్మా?" అన్నారు సార్.

"కడిగిన ద్రావకం మిగిలిపోయింటాది సార్. సరిగ్గా ఆరలేదు" అన్నాను.

ద్రావకంలో నైట్రోజన్ ఉంటుంది. కాబట్టి అదే.

అక్టోబరు 25

ద్రావకమే.

అక్టోబరు 26, ఆదివారం

ద్రావకమే అయితే నాలుగో విడతలోనూ ఉండాలి. అదే ద్రావకంతో కడిగాను. నాలుగోది కూడా పంపారు, అందులో లేదు. సార్ నిన్ననే అడిగారు, "మరి నాలుగో దాంట్లో ఏల లేదు?" అని. తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికొచ్చేశాను. నిజంగానే నొప్పిగా ఉంది.

అమ్మ డబ్బా అల్మారా మీదే ఉంది. పొద్దుట్నుంచి దాని వైపు చూడకుండా తిరుగుతున్నాను.

అక్టోబరు 28, మంగళవారం

చూశాను. డబ్బా కింద, పాత చున్నీలో చుట్టి, పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ కవరు. అందులో బూడిదరంగు పలుకులు. వాసన చూడగానే తెలిసింది. జుట్టుకు వేసే నల్లరంగులో ఉండే మందు. అందులో నైట్రోజన్ దండిగా ఉంటుంది. మెహందీ రంగుతో కలిస్తే రెంటినీ పట్టి గొలుసు కడుతుంది. నేను నాలుగేళ్ళు కట్టలేనిది అదే కట్టింది. జుట్టు కొసలకైతే రాయొచ్చునేమో, చర్మానికి రాస్తే కాలుస్తుంది. ఒకసారి పడనివాళ్ళకు రెండోసారి ఇంకా ఘోరంగా కాలుస్తుంది.

అమ్మ వంటింట్లో రొట్టెలు చేస్తోంది.

"అమ్మా, మెహందీలో ఏమేం కలుపుతావు?"

"నిమ్మకాయ. చక్కెర. నీలగిరి నూనె."

"ఇంకా?"

"ఏమే, పోలీసోళ్ళ మాదిరి అడుగుతాండావు?"

కవరు చూపించాను. అట్లకాడ పట్టుకున్న చెయ్యి ఆగింది. అంతే, ఒక్క క్షణం.

"రంగు పొడి అది. ఊర్లో అందరూ ఏసేదే. అది ఎయ్యకపోతే చెయ్యి పండదు, పండకపోతే సైదాబీని ఎవురు పిలుస్తారు? గంటలో నల్లగా కావల్ల అందరికీ. ఫోటోలు తీస్తారంట, ఫోటోలు!"

"పుష్పావతక్క చేతులు చూసినావు గదమ్మా."

"ఆమెకు వేడి."

"నీ చేతులు?"

"సబ్బు."

వేడి, సబ్బు. ఈ రెండు మాటలూ ఈ డైరీలో నా చేతిరాతలోనే ఉన్నాయి. వెనక్కి తిప్పి చూసుకున్నాను.

సిమ్రాన్ సంగతి ఎత్తాను. సిమ్రాన్ మా ఖాలా కూతురు, అంటే పిన్నమ్మ కూతురు, నాకు చెల్లెలి లెక్క. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం దాని నిఖా. ఆగస్టులో నిశ్చితార్థానికి అమ్మే పెట్టింది. నాలుగు రోజులు అరచేతులు గోక్కుంటూ తిరిగింది, మేమందరం పెళ్ళి సంబరం అని నవ్వాం. ఇప్పుడు మోచేతుల దాకా, కాళ్ళకు కూడా పెట్టించుకుంటుందట.

"ఈసారి దానికి బొబ్బలొస్తాయమ్మా. నిఖా నాడు చేతులకు కట్లు కట్టుకోని కూచుంటాది."

"నోరు ముయ్యి! పెండ్లి ఇంట్లో అట్లాంటి మాటలా? ఇన్నేండ్లు నేను పెట్టినా, ఎవురికేమైంది? నిన్ను చదివించింది ఈ చేతులు కాదా? చదివించినందుకు ఇదేనా?"

రొట్టె మాడింది. ఇద్దరం అన్నం తినలేదు.

అక్టోబరు 29

అమ్మ మాట్లాడటం లేదు. కవరు అల్మారా మీద లేదు. పారేసిందనుకోవాలని ఉంది. పారేయలేదు.

అక్టోబరు 31, శుక్రవారం

సార్‌తో చెప్పేశాను. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. మూడో విడత ముదిగుబ్బ ఆకు కాదని, మా ఇంటి పొడి అని, అందులో ఏం కలిసిందో.

సార్ నన్ను తిట్టలేదు. ముందు ఫోన్ తీసి గురప్పకు కలిపారు.

"గురప్పన్నా, గోరింట నాటొద్దు. నేనే తొందరపడినా. ఇంకా తేలల్యా... లేదన్నా, పాప తప్పేం లేదు, నేనే చెప్పినా గదా... శెనక్కాయే ఏసుకో."

ఫోన్ పెట్టేసి అప్పుడు నా వైపు తిరిగారు. "వేరే పొడి వాడినందుకు కాదమ్మా నాకు కోపం. ఆకు లేదు సార్, మా అమ్మ పొడి వాడినా అని ఒక్క మాట చెప్పింటే, ఆ పొద్దే ఇద్దరం కూచొని తేల్చుకోనుంటిమి. సీసా మీద అబద్ధం రాసినావు చూడు, అది మింగుడు పడల్యా." జర్నల్‌కు పంపిన పేపరు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం నా ముందే టైపు చేశారు. పొడిగింపు సంగతి ఇక తన చేతుల్లో లేదన్నారు.

నేను తలుపు దాకా పోయాక పిలిచారు. "ఆ మందు గట్టి గొలుసే కట్టింది మరి. అది మటుకు అబద్ధం కాదు. శుద్ధమైన ఆకు రంగు, శుద్ధమైన ఆ మందు, కొలత పెట్టి కలుపు. మొదట్నుంచి మొదలుపెట్టు."

మందు సోమవారానికి తెప్పిస్తారట. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. బస్టాండు దాకా ఏడుస్తూనే నడిచాను.

నవంబరు 3, సోమవారం

అమ్మను ల్యాబుకు తీసుకుపోయాను. ఆరు రోజుల తర్వాత నోరు విప్పి అడిగాను కాబట్టి వచ్చింది. "నీ డబ్బాలో పొడి తీసుకోనుంటి. నీ మెహందీతో దీపం ఎలుగుతాది, ఒక్కసారి చూడు" అన్నాను. అబ్బా ఆటోలో, పండక్కి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. మెట్లెక్కుతూ ప్రతి తలుపు మీదా ఏం రాసుందో చదవమంది.

మా గ్లోవ్ బాక్సు చూసి ఆగిపోయింది. గాలి తగలకుండా సెల్లులు కట్టే అద్దాల పెట్టె అది, రెండు పొడుగాటి నల్ల రబ్బరు తొడుగులు బయటికి వేలాడుతుంటాయి.

"ఏమే, ఈ డబ్బాకు చేతులుండాయి!" అని నవ్వింది. చాన్నాళ్ళయింది అమ్మ నవ్వి.

మూడో విడత సెల్లుకు చిన్న ఎర్రదీపం తగిలించి వెలిగించాను. "ఇది నా మెహందీయా?" అని నాలుగుసార్లు అడిగింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు అక్కడితో ఆపేయాలనిపించింది. ఇంటికి తీసుకుపోయి, టీ పెట్టి, ఇద్దరం మాట్లాడుకుంటే చాలుననిపించింది.

ఆపలేదు. సార్ తెప్పించిన సీసా వచ్చింది, దాన్ని తూచాలి. కోటు వేసుకున్నాను. కళ్ళజోడు, మూతికి ముసుగు. ఒక జత తొడుగులు, దాని మీద ఇంకొక జత. అమ్మ దగ్గరకొచ్చి తొంగి చూడబోయింది.

"దూరంగా నిలబడమ్మా."

"ఏందది?"

"రంగు పొడి. నీ కవర్లో ఉండేదే."

సీసా మీది పుర్రె బొమ్మ చూసింది. నా చేతులు చూసింది. నేను చెంచా కొసతో చిటికెడు తీసి, మూత బిగించి, పై జత తొడుగులు విప్పి ఎర్ర డబ్బాలో పారేసేదాకా చూస్తూనే ఉంది.

"అంత దానికి రెండు జతలా?"

"ఔనమ్మా."

"ముట్టుకోల్యా గదే నువ్వు. చెంచాతో తీసినావు."

"ముట్టుకోకూడదు."

దీపం ఇంకా వెలుగుతోంది. అమ్మ దాని వైపు చూడలేదు. పెచ్చులు లేచిన తన వేళ్ళు చీరకొంగులో దాచుకుంది.

"వట్టి చేతుల్తో కలిపినా" అంది. "పిలకాయల చేతులు ఒళ్ళో పెట్టుకోని, వట్టి చేతుల్తో పూసినా గదే."

ఇంటి దగ్గర ఆటో దిగాక అమ్మ, మా ఇంటికి కాదు, నేరుగా పుష్పావతక్క ఇంటికి పోయింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను పోలేదు.

నవంబరు 6, గురువారం

సిమ్రాన్‌కు మెహందీ. గురప్ప మూటలో మిగిలిన ఆకు నేను తెచ్చిస్తే అమ్మ అదే నూరింది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా పెట్టింది, చేతులూ కాళ్ళూ. అంత సన్నటి పని అమ్మ ఎప్పుడూ చేయలేదు.

కడిగాక నారింజరంగు. లేత నారింజ.

పెళ్ళికొడుకు మేనత్త సిమ్రాన్ చెయ్యి తిప్పి తిప్పి చూసి పెదవి విరిచింది. "ఏం సైదాబీ, పేరు గొప్ప విన్యాము. ఇదేనా పండేది?" ఖాలా ముఖం మాడిపోయింది. సిమ్రాన్ మా అమ్మ వైపు చూడకుండా లోపలికి పోయి తలుపు వేసుకుంది.

అమ్మ తన సామాన్లు సర్దుకుంటూ, "ఆకు ఇంతే పండుతాది. ఇంతకు మించి పండిందంటే అది ఆకు కాదు. ఇన్నేండ్లు నేను పెట్టింది ఆకు కాదు" అంది. గదిలో ఆడవాళ్ళందరికీ వినపడేలా అంది. వచ్చే వారం పెళ్ళిళ్ళవాళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారు. వాళ్ళిక రారు. అమ్మకు అది తెలుసు.

నేను చేయందించబోతే వద్దంది. సంచి తనే మోసుకుంది.

నవంబరు 9, ఆదివారం

నిఖా అయింది. సిమ్రాన్ సంతకం పెట్టింది. నారింజరంగు వేళ్ళు, నున్నగా ఉన్నాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను, పెళ్ళికొడుకును సరిగా చూడనే లేదు. సిమ్రాన్‌కు ఇంకా కోపమే. ఉండనీ.

ఇంటికొచ్చాక అమ్మ ఎక్కడో దాచిన ఆ కవరు తీసుకొచ్చింది. కవరు మీద ఇంకొక కవరు, దాని మీద ఇంకొకటి చుట్టి ఉంది. చేతులకు పాలిథిన్ సంచులు తొడుక్కుని పట్టుకుంది. నా బల్ల మీద పెట్టలేదు, కింద నేల మీద పెట్టి వెనక్కి జరిగింది.

"రేపు తీసకపో" అంది. "నీ డబ్బాకు చేతులుండాయి గదా. అదే ముట్టుకోనీ."